అన్నం పక్కన జామపండు

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2010లో ఓ ఆసక్తికరమైన లెక్క బయటపెట్టారు. దేశంలో జనం మామూలుగా తినే పళ్లను తెచ్చి, దేనిలో ఎన్ని యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయో కొలిచారు. యాపిల్, దానిమ్మ, మామిడి, ద్రాక్ష, అరటి అన్నీ బరిలో ఉన్నాయి. తాజా పళ్లలో మొదటి స్థానం జామకు దక్కింది. వంద గ్రాముల జామలో దాదాపు 500 మిల్లీగ్రాములు తేలితే యాపిల్ 123 దగ్గర, అరటి 30 దగ్గర ఆగిపోయాయి.

ఆ వార్త అప్పట్లో పత్రికల్లో బాగానే వచ్చింది. అయినా ఆస్పత్రిలో ఉన్న బంధువును చూడ్డానికి బయల్దేరితే ఇప్పటికీ చేతిలో ఉండేది యాపిల్ సంచే. యాపిల్ ధరలో సగానికే వచ్చే జామకాయలు పట్టుకెళ్లడానికి ఎవరికీ మనసొప్పదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతను ఇంతగా మోస్తున్న పండు తెలుగునాట మరొకటి లేదు.

ఆ ఒక్క పట్టికే అయితే జామ గురించి ఇంతగా రాయాల్సిన పని లేదు. పరీక్షనాళికలో కనిపించిన యాంటీ ఆక్సిడెంట్ శక్తి ఒంట్లోనూ అంతే పని చేస్తుందని చెప్పలేం. జామ గురించి తెలుగు ఇళ్లకు చేరాల్సిన అసలు కబురు వేరే ఉంది. అదే సంస్థ 2013లో ప్రచురించిన మరో అధ్యయనం నేరుగా అన్నం పళ్లెం దగ్గరికే వచ్చింది. పప్పు, కూరతో రెండు పూటలా అన్నం తింటూనే రక్తహీనతతో నీరసించిపోయే ఆడవాళ్లకు, పిల్లలకు ఈ పండు ఏం చేయగలదో అది సూచించింది.

తిన్న ఇనుము ఎటు పోతోంది?

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 మధ్య జరిగింది. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అయిదేళ్ల లోపు పిల్లల్లో, ఆరు నెలలు నిండినవాళ్లను పరీక్షిస్తే ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం మందిలో రక్తం తక్కువగా ఉంది. కారణాలు చాలా ఉన్నాయి. కడుపులో నులిపురుగులు, నెలసరిలో అధిక రక్తస్రావం, వెంటవెంటనే కాన్పులు, బి12 లోపం, ఫోలేట్ లోపం. వీటన్నిటి పక్కన ఇనుము లోపానిది పెద్ద వాటా.

మన భోజనంలో ఇనుము లేకపోలేదు. కందిపప్పు, తోటకూర, ఉలవలు, సజ్జలు, రాగులు, నువ్వులు అన్నిటిలో ఎంతో కొంత ఉంది. చిక్కంతా అది ఒంటికి పట్టడంలోనే. మాంసం, చేపల్లోని ఇనుము పేగుల్లోంచి రక్తంలోకి తేలిగ్గా వెళ్తుంది. గింజల్లో, ఆకుల్లో ఉన్న ఇనుము అలా వెళ్లదు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో సవరించిన సిఫార్సుల ప్రకారం మహిళకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అంత పెద్ద అంకె పెట్టడానికి కారణం, మన తరహా భోజనంలోని ఇనుములో నూటికి ఎనిమిది పాళ్లే రక్తంలో కలుస్తుందని వాళ్లు లెక్కగట్టడం. మిగతాది వచ్చిన దారినే బయటికి పోతుంది.

ఎందుకిలా? ధాన్యాల్లో, పప్పుల్లో ఫైటేట్లు అనే పదార్థాలు ఉంటాయి. టీలో, వగరుగా ఉండే చాలా వస్తువుల్లో టానిన్లు ఉంటాయి. ఇవి పేగులో ఇనుమును పట్టేసుకుని కరగకుండా చేస్తాయి. పైగా శాకాహారంలోని ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. చిన్నపేగు గోడ దాన్ని తీసుకోదు, ఫెర్రస్‌గా మారితేనే లోపలికి రానిస్తుంది. విటమిన్ సి ఈ రెండు అడ్డంకుల్నీ ఒకేసారి తొలగిస్తుంది. ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మారుస్తుంది. ఫైటేట్ల చేతికి చిక్కకముందే ఇనుమును తానే అంటిపెట్టుకుని, కరిగిన స్థితిలో పేగు గోడ దాకా చేరుస్తుంది.

ఇదంతా పుస్తకాల్లో ఎప్పట్నుంచో ఉన్న సంగతే. తార్నాక శాస్త్రవేత్తలు దాన్ని మన అన్నం మీద పెట్టి చూశారు. కౌమారంలో ఉన్న బడిపిల్లలకు ఒకసారి మామూలు అన్నం భోజనం పెట్టారు. మరోసారి అలాంటి భోజనంతో పాటే జామపండు ఇచ్చారు. తిన్న ఇనుము ఎటు పోయిందో ఆనవాలు పట్టడానికి, రేడియోధార్మికత లేని ఇనుము ఐసోటోపులు వాడారు. తర్వాత రక్తం తీసి, ఆ గుర్తు ఇనుము ఎర్ర కణాల్లోకి ఎంత చేరిందో కొలిచారు. జామ తోడైన భోజనంలో ఇనుము రెట్టింపు దాటి ఒంటికి పట్టింది. జింకు విషయంలో మాత్రం ఏ తేడా కనిపించలేదు.

అదే అన్నం, అదే భోజనం. మారిందల్లా పక్కన చేరిన పండు.

ఇక్కడ పట్టుకోవాల్సిన కీలకం వేళ. విటమిన్ సి, ఇనుము రెండూ ఒకే సమయంలో కడుపులో ఉంటేనే ఈ పని జరుగుతుంది. మధ్యాహ్నం పప్పన్నం తిని, సాయంత్రం అయిదింటికి జామకాయ కొరికితే విటమిన్ సి అందుతుంది కానీ మధ్యాహ్నం తిన్న ఇనుముకు అది సాయపడదు. భోజనం ముగించీ ముగించకముందే టీ తాగే అలవాటు దీనికి సరిగ్గా వ్యతిరేక దిశలో పని చేస్తుంది. భోజనంతో పాటు తాగే టీ ఇనుము శోషణను సగానికి పైగా తగ్గించగలదు. అన్నం తర్వాత టీ కప్పు ఉన్న చోట జామ ముక్కలు పెట్టి, టీని గంటా రెండు గంటలు వెనక్కి జరిపితే చాలు. పెద్ద ఖర్చు లేకుండా పళ్లెంలో ఉన్న ఇనుము విలువ పెరుగుతుంది.

జామకాయ తింటే రక్తం పడుతుందని పెద్దవాళ్లు అంటుంటారు. అందులో సగం నిజం ఉంది. జామలో సొంతంగా ఉన్న ఇనుము చాలా తక్కువ, వంద గ్రాములకు పావు మిల్లీగ్రాము. పళ్లెంలో పప్పో ఆకుకూరో రాగి సంకటో ఉంటేనే జామ వాటిలోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. ఖాళీ కడుపుతో నాలుగు కాయలు తిన్నంత మాత్రాన హిమోగ్లోబిన్ పెరగదు. ఒక పూట శోషణ పెరగడం వేరు, నెలల తరబడి తిన్నాక రక్తంలో ఎంత మార్పు వస్తుందన్నది వేరు. రక్తహీనత తీవ్రంగా ఉన్నవాళ్లు, గర్భిణులు ఐరన్ మాత్రలు పక్కనపెట్టి పండును నమ్ముకోకూడదు. మాత్ర మాత్రే, దానికి జామ తోడు.

మరో చిన్న మెలిక. పచ్చి పిందెలో వగరు ఎక్కువ. ఆ వగరు టానిన్లదే. ఇనుమును అడ్డుకునే గుణం వాటికే ఉంది కాబట్టి భోజనంతో తినడానికి పిందెల కన్నా దోరగా మారిన కాయ మేలు. పండితే ఇంకా మంచిది. మరీ మగ్గి మెత్తబడితే విటమిన్ సి తగ్గుముఖం పడుతుంది. ముట్టుకుంటే కాస్త ఒత్తుకునేలా, వాసన అప్పుడప్పుడే బయటికొస్తున్న దశ సరైనది.

వంద గ్రాముల్లో

వంద గ్రాములంటే నాటు రకాల్లో ఒక మోస్తరు కాయ. అమెరికా వ్యవసాయ శాఖ పోషక పట్టికలో ఆ వంద గ్రాములకు విటమిన్ సి 228 మిల్లీగ్రాములు. మన దేశపు కాయలను కొలిచి 2017లో పోషకాహార సంస్థ వెలువరించిన పట్టికల్లోనూ 200 దాటింది. ఒక మగమనిషికి రోజుకు కావాల్సింది 80, ఆడమనిషికి 65. నారింజలో దొరికేది 53 దాకా, యాపిల్‌లో 5 లోపు. రోజూ అందుబాటులో ఉండే వాటిలో జామను దాటేది ఉసిరి ఒక్కటే. కానీ ఉసిరికాయను వంద గ్రాములు కూర్చుని తినేవాళ్లు ఎవరున్నారు!

విటమిన్ సి తొక్కలోనూ దాన్ని ఆనుకున్న కండలోనూ ఎక్కువ. కాబట్టి పిల్లలకు మెత్తగా ఉంటుందని తొక్క చెక్కేసి పెట్టడం అంటే మంచి భాగాన్ని చెత్తబుట్టలో వేయడమే.

పీచు సంగతి కూడా చెప్పుకోవాలి. జామలో 5.4 గ్రాములు ఉంటే అరటిలో 2.6, తొక్కతో తిన్న యాపిల్‌లో 2.4. చక్కెర తొమ్మిది గ్రాముల లోపే, మామిడిలో అది పద్నాలుగుకు దగ్గర. కేలరీలు 68. పొటాషియం 417 మిల్లీగ్రాములు, అరటిని మించి. ఎర్ర జామలో టమాటాకు రంగునిచ్చే లైకోపిన్ ఉంటుంది. వంద గ్రాములకు 5 మిల్లీగ్రాములు దాటుతుంది కాబట్టి ఈ విషయంలో పచ్చి టమాటాకు రెట్టింపు. తెల్ల జామలో లైకోపిన్ దాదాపు లేదు, మిగతా గుణాల్లో మాత్రం అది ఎర్రదానికి తీసిపోదు. కంటి చూపుకు జామ గొప్పదంటూ ఫోన్లలో తిరిగే సందేశాలను మాత్రం నమ్మనక్కర్లేదు. విటమిన్ ఎ కోసమైతే మామిడి, బొప్పాయి, మునగాకు జామ కన్నా ఎంతో మెరుగు.

ఫోలేట్ 49 మైక్రోగ్రాములు. రక్తకణాల తయారీకి ఇనుముతో పాటు ఇదీ కావాలి. ఈ మాట వచ్చినప్పుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును తలుచుకోకుండా ఉండలేం. తోడబుట్టినవాళ్లను స్ప్రూ అనే పేగు జబ్బుకు పోగొట్టుకున్న ఆయన, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో కలిసి 1940లలో ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేశారు. ఇవాళ దేశంలో గర్భిణులకు, బడిపిల్లలకు ఇచ్చే రక్తహీనత మాత్రలో ఇనుము పక్కన ఉండే రెండో మందు అదే.

షుగర్, బీపీ ఉన్నవాళ్లకు

షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా అన్నది ప్రతి పండు గురించీ వచ్చే మొదటి ప్రశ్న. జామకు జవాబు చాలావరకు అనుకూలమే. చక్కెర తక్కువ, పీచు ఎక్కువ, నమిలి తినాల్సిన పండు కావడంతో రక్తంలో గ్లూకోజ్ ఒక్కసారిగా ఎగబాకదు. పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో రోజుకు వంద గ్రాముల పళ్లు తినమంది. మధుమేహం ఉన్నవాళ్లకూ ఆ మోతాదు జామ ఇబ్బంది పెట్టదు. కాకపోతే ఇప్పుడు మార్కెట్లో ఒక్కో కాయ అర కిలో తూగే రకాలు వచ్చాయి. ఒక్క కాయే కదా అని మొత్తం తింటే అది అయిదు రోజుల వాటా. రసం తీసి వడకడితే పీచంతా జల్లెడలో మిగిలి, చక్కెర నీళ్లు గ్లాసులోకి వస్తాయి. డబ్బాల్లో దొరికే జామ పానీయాల్లో పైనుంచి కలిపిన పంచదార ఉంటుంది. జామ గొప్పదనాన్ని వాటికి అంటగట్టడం అన్యాయం.

జామ ఆకుల సంగతి వేరు. జపాన్‌లో జామాకు టీని, భోజనం తర్వాత చక్కెర పెరుగుదలను తగ్గించే ఆహారంగా అక్కడి ఆరోగ్య శాఖ 2000లో ఆమోదించింది. ఆకులోని పాలీఫినాల్స్ పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైములను నెమ్మదింపజేస్తాయి. మెక్సికోలో విరేచనాలకు జామాకు సారంతో చేసిన మందును రోగుల మీద పరీక్షించారు, కడుపు నొప్పి కాలం తగ్గినట్లు చూశారు. మన పల్లెల్లో నోటిపూతకు లేత చిగుళ్లు నమలడం, విరేచనాలకు ఆకు కషాయం తాగించడం పాత అలవాట్లే. వీటిలో పస ఉంది. అయితే పసిపిల్లలకు విరేచనాలు పట్టుకున్నప్పుడు ముందు తాగించాల్సింది ఓఆర్‌ఎస్ ద్రావణమే. కషాయం కాచే లోపు ఒంట్లో నీరు పోతుంది.

బీపీ, కొలెస్ట్రాల్ తగ్గిస్తుందన్న మాట కూడా వింటుంటాం. 1990ల మొదట్లో ఉత్తరాదిలో జరిగిన అధ్యయనాలు రోజూ జామ తిన్నవాళ్లలో రెండూ తగ్గినట్లు చెప్పాయి. అవి చిన్నవి. అదే పరిశోధకుల మరో ఆహార అధ్యయనం గణాంకాల మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2005లో సందేహాలు ప్రకటించింది. కాబట్టి వాటిని గట్టి సాక్ష్యంగా చూపడం సరికాదు. పొటాషియం, పీచు ఉన్న పండుగా గుండెకు మంచిదే అనుకోవచ్చు, బీపీ మాత్ర మానేయడానికి మాత్రం అది చాలదు.

బీపీ మాటకొస్తే ఉప్పు గురించీ చెప్పాలి. సాయంత్రం కాలేజీ గేటు ముందు జామకాయల బండి దగ్గర కాసేపు నిలబడితే ఆ నైపుణ్యం కనిపిస్తుంది. అమ్మే మనిషి కాయను ఎడమ అరచేతిలో బిగించి, చాకుతో నిలువుగా గాట్లు పెడతాడు. తొడిమ దగ్గరకొచ్చేసరికి చాకు ఆపుతాడు, ముక్కలు విడిపోవు. కాయ పువ్వులా విచ్చుకుంటుంది. ఉప్పూకారం డబ్బాలో చాకు మొన ముంచి, ప్రతి గాటు లోపలా రాసి, ఒక్కసారి నొక్కి కాగితంలో పెట్టి అందిస్తాడు. ఆ రుచిని కాదనడం ఎవరి తరమూ కాదు. కానీ ఆ చాకు మొన మీద ఎక్కే ఉప్పు తక్కువేం కాదు. బీపీ ఉన్నవాళ్లు "అన్నా, కారం ఒక్కటే వెయ్యి" అని అడిగితే సరిపోతుంది.

మూత్రపిండాల జబ్బుతో పొటాషియం తగ్గించుకోమని డాక్టర్ చెప్పినవాళ్లు జామకు దూరంగా ఉండాలి, లేదా అడిగి తినాలి. తలసీమియా ఉన్న పిల్లల్లో తరచూ రక్తం ఎక్కించడం వల్ల ఇనుము ఇప్పటికే పేరుకుని ఉంటుంది. ఇనుమును ఇంకా ఎక్కువగా పట్టించే పండును భోజనంతో పెట్టడం వాళ్లకు మేలు కాదు.

జలుబు భయం, గింజల భయం

చలికాలంలో జామ తింటే జలుబు చేస్తుందని పిల్లల చేతిలోంచి లాక్కునే ఇళ్లు ఎన్నో. జలుబు వైరస్ వల్ల వస్తుంది, పండు వల్ల రాదు. జామ మంచి కాపు, జలుబుల కాలం రెండూ ఒకే నెలల్లో రావడంతో ఈ నింద దాని మీద పడి ఉండాలి. అలాగని జామ తింటే జలుబే రాదన్నదీ నిజం కాదు. విటమిన్ సి మీద 11 వేల మందికి పైగా పాల్గొన్న పరిశోధనలను కోక్రేన్ సంస్థ 2013లో ఒకచోట చేర్చి చూసింది. రోజూ విటమిన్ సి తీసుకున్నా మామూలు జనంలో జలుబులు తగ్గలేదు. వచ్చిన జలుబు మాత్రం పెద్దవాళ్లలో ఎనిమిది శాతం, పిల్లల్లో పద్నాలుగు శాతం తొందరగా తగ్గింది.

గింజలు అపెండిసైటిస్ తెస్తాయన్నది రెండో భయం. అపెండిక్స్ ఆపరేషన్లలో పండ్ల గింజ అడ్డుపడి కనిపించే సందర్భాలు చాలా అరుదు. నమిలినా మింగినా గింజలు పేగుల్లోంచి సాఫీగా వెళ్లిపోతాయి. చిన్నపిల్లలు నీళ్లు తాగకుండా కాయల మీద కాయలు మింగేస్తే మలబద్ధకం రావచ్చు, అంతే. మెత్తగా నమలలేని పెద్దవాళ్లకు మధ్యలోని గింజల గుజ్జు తీసేసి, చుట్టూ ఉన్న కండ పెడితే విటమిన్ సికి పెద్దగా లోటు రాదు.

కోహీర్ తోటల నుంచి ప్లాస్టిక్ కవర్ల దాకా

ఇంతగా మనదైపోయిన జామ పుట్టిల్లు ఉష్ణమండల అమెరికా. నేరేడు, లవంగం, నీలగిరి చెట్లతో ఒకే కుటుంబం. లిన్నేయస్ 1753లో దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. పోర్చుగీసువాళ్ల ఓడల కాలంలో ఇటు వచ్చి, ఎక్కడ నాటితే అక్కడ బతికింది. ఉప్పు నేల, రాళ్ల నేల, వానలు తక్కువున్న నేల దేన్నీ కాదనలేదు. బ్రెజిల్‌లో దాన్ని గట్టి హల్వాగా చేసి జున్నుతో తింటారు. పంటలో ఇప్పుడు ప్రపంచంలో మన దేశానిదే మొదటి స్థానం, ఏటా 40 లక్షల టన్నులకు పైగా.

అలహాబాద్ సఫేదా, లక్నో 49 రకాల పేర్లు తెలుగు రైతులందరికీ తెలుసు. మనకంటూ పేరున్న ఊరు కోహీర్. జహీరాబాద్ దగ్గర, ఒకప్పటి మెదక్ జిల్లాలో, ఇప్పటి సంగారెడ్డిలో ఉంది. కోహీర్ రకాన్ని అలహాబాద్ సఫేదాతో సంకరం చేసి సంగారెడ్డి ఫల పరిశోధన కేంద్రం 'సఫేద్ జామ్', 'కోహీర్ సఫేదా' అనే రకాలు తెచ్చింది. మెత్తటి గింజలు, తెల్లటి కండ వాటి గుణాలు. ఆ కృషికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదనే చెప్పాలి. ఇప్పుడు కొత్త తోటల్లో ఎక్కువగా కనిపించేది తైవాన్ పింక్, రాయ్‌పూర్ నుంచి వచ్చిన వీఎన్ఆర్ బిహి. నాటిన ఏడాదికే కాపు మొదలవడం, కాయ పెద్దదిగా ఉండి నాలుగు రోజులు ఆగడం రైతుకు నచ్చాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన అర్క కిరణ్ లైకోపిన్ ఎక్కువగా ఉండే ఎర్ర రకం.

జామ ఏడాదికి ఒకటికి మించి కాపులు కాస్తుంది. ఎండాకాలం ముందు పూసిన పూత వానాకాలంలో, జూన్-జులై పూత చలికాలంలో చేతికొస్తుంది. రుచిలో రెండిటికీ పోలికే లేదు. వానాకాలపు కాయ నీరు పట్టి చప్పగా ఉంటుంది, పండు ఈగ దాడీ అప్పుడే. తొక్క మీద సూదిమొనంత చుక్క కనిపిస్తుంది, కోసి చూస్తే లోపల తెల్లటి పురుగులు. చలికాలపు కాయ తీపి, పోషకాలు రెండిటిలోనూ మేలు. అందుకే తెలిసిన రైతు ఎండాకాలంలో నీళ్లు ఆపి, కొమ్మలు కత్తిరించి, వానాకాలపు కాపును వదులుకుని చెట్టు శక్తినంతా చలికాలానికి మళ్లిస్తాడు.

కాయ నిమ్మకాయంత అయ్యేసరికి ఒక్కోదానికి తెల్లటి ఫోమ్ వల తొడిగి, పైన ప్లాస్టిక్ కవరు కడతారు. ఎకరా తోటలో వేల కాయలకు ఈ పని చేతులతోనే చేయాలి, ఎక్కువగా చేసేది మహిళలే. పండు ఈగ మందు కొట్టకుండానే ఆగుతుంది, తొక్క మచ్చ లేకుండా వస్తుంది. తొక్కతో తినాల్సిన పండుకు ఇది చిన్న లాభం కాదు. తోటంతా రాలిన ప్లాస్టిక్‌ను ఏం చేయాలన్న ప్రశ్నకు మాత్రం ఇంకా సరైన జవాబు దొరకలేదు. వేరుకు బుడిపెలు కట్టించే నులిపురుగులు మరో బెడద. నర్సరీ మొక్కల మట్టితోనే అవి పొలంలోకి దిగి రెండు మూడేళ్లలో చెట్లను ఎండగొడుతున్నాయి. మొక్క కొనేముందు కవరు విప్పి వేరు చూసుకోవడం రైతు నేర్చుకున్న ఖరీదైన పాఠం.

బడి భోజనంలోకి

ప్రభుత్వాలు రక్తహీనత మీద చాలానే ఖర్చు పెడుతున్నాయి. బడిపిల్లలకు వారానికో ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తున్నారు. 2021లో ప్రధాని ప్రకటన తర్వాత రేషన్ బియ్యంలో, మధ్యాహ్న భోజనం బియ్యంలో ఇనుము కలపడం మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో గుడ్డు, వేరుశనగ చిక్కీ కూడా అందుతున్నాయి. ఇవన్నీ అవసరమే. కానీ పళ్లెంలోకి ఇనుము చేర్చడం మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా పప్పు, ఆకుకూరల్లో ఉన్న ఇనుమును ఒంటికి పట్టించడం మీద కనిపించదు. దానికి కావాల్సిన శాస్త్రం మన హైదరాబాద్‌లోనే, మన అన్నం మీదే, మన బడి ఈడు పిల్లల మీదే తేలి పదేళ్లు దాటింది. బడి భోజనంలో జామ ఎందుకు లేదో అధికారులను తల్లిదండ్రులు అడగాలి.

నిలవ ఉండదన్నది మొదటి అభ్యంతరం. నిజమే, మామూలు వేడిలో మూడు నాలుగు రోజులకు మించి ఆగదు. రాష్ట్రమంతటికీ ఒకే టెండరు పిలిస్తే ఇది కుదరదు. మండలానికి దగ్గర్లోని తోటల నుంచి వారానికి రెండుసార్లు కొంటే కుదురుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కాపు మంచిగా, ధర అందుబాటులో ఉండే నెలల్లో బడులు నడుస్తూనే ఉంటాయి. పిల్లాడికి వంద గ్రాములు చాలు, పెద్ద కాయ ఒకటి ముగ్గురికి సరిపోతుంది. కాయలు కడిగి, వడ్డించే ముందే కోయాలి. ఉదయమే కోసి పెడితే ముక్క నల్లబడుతుంది, విటమిన్ సి కొంత గాలికి పోతుంది. తోటకూర పప్పు, రాగి జావ ఉన్న రోజులు చూసి పెడితే ఫలితం ఇంకా ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యంగా, ముక్కలు అన్నంతో పాటే పళ్లెంలో పడాలి. బడి వదిలే వేళ చేతిలో కాయ పెట్టి పంపితే పిల్లలు సంతోషంగా తింటారు కానీ, మధ్యాహ్నం తిన్న పప్పులోని ఇనుము అప్పటికే దాటిపోయి ఉంటుంది.